గురువారం నాటి గొంతు

బుధవారం పొద్దున తొమ్మిది గంటలకు మా అమ్మాయి భువన గుమ్మంలో నిలబడి, ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని, నేను రాసిన వాక్యంలో ఒక మాట కొట్టేసింది.

"'నిజంగానే' పట్టదు నాన్నా. ఆవిడ నోరు ముందే మూసేస్తుంది. 'నిజమే' చాలు" అంది.

తన పెన్ను రాయకపోతే నా జేబులోది లాక్కుంది. దిద్ది, కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని, రెండో చెప్పు తొడుక్కుని మెట్లు దిగింది. పెన్ను తిరిగి ఇవ్వలేదు. వాళ్ళమ్మ శారద పూజలో ఉంది కాబట్టి వెళ్ళొస్తానని చెప్పలేదు. కేకేసి చెప్పవచ్చు. కానీ మా ఇంట్లో భువన ఎప్పుడూ కేక వేసేది కాదు.

అది 2004 ఆగస్టు. నేను హిందీ నుంచి తెలుగులోకి తెచ్చే సీరియళ్ళకు మాటలు రాసేవాణ్ణి. ఆ మాటలు భువన చెప్పేది. తెర మీది మనిషి పెదవులు ఎంతసేపు కదిలితే అంతసేపే మన మాట సాగాలి. ఆమె పెదవులు కలిసిన చోట మనకు ఒక మకారమో పకారమో పడాలి. సీను మొత్తం ఒకేసారి చెప్పరు. చిన్న చిన్న ముక్కలు చేసి చెప్తారు, ఒక్కో ముక్కను లూప్ అంటారు. దీపాలార్పిన గదిలో మైకు ముందు నిలబడి, బొమ్మ పెదవులు చూస్తూ పలకాలి. నేను రాసింది ఆ నోటికి పట్టకపోతే భువన అక్కడికక్కడే చెక్కి సరిచేసేది. ఆ విషయంలో నేను ఆమెకు తండ్రిని కాను, చెయ్యి తిరగని పనివాణ్ణి.

ఆమె పుట్టింది మద్రాసులో. ఆరేళ్ళప్పుడు, తెలుగు రాని ఒక బాలనటుడికి గొంతు కావలసి వచ్చి, స్టూలు మీద నిలబెట్టి చెప్పించారు. ఏడవాల్సిన చోట ఏడ్చింది. అయిపోయాక స్టూలు దిగి, "వాడు ఎందుకేడుస్తున్నాడు?" అని అడిగింది. సినిమావాళ్ళు ఒక్కొక్కరే హైదరాబాదు మారుతున్నప్పుడు మేమూ మారాం. ఫిల్మ్‌నగర్‌లో, షేక్‌పేట వైపు దిగే వాలులో, లక్ష్మయ్య గారి మేడ మీద భాగం తీసుకున్నాం. లక్ష్మయ్య షేక్‌పేట పాత ఊరి మనిషి. మా ఇల్లున్న చోట చిన్నతనంలో మేకలు కాశాడు. అప్పటికి చుట్టూ ఇంకా బండలే ఉండేవి. మధ్యాహ్నం రాళ్ళు పేల్చే ముందు ఈల వేసేవాళ్ళు. ఈల వినపడగానే ఎవరి మాట వాళ్ళు ఆపి, చప్పుడయ్యేదాకా ఊరుకోవడం ఆ వాడకట్టు మొత్తానికి అలవాటు.

పెద్దయ్యాక భువనకు కథానాయికలు దొరికారు. అంతకన్నా ఎక్కువగా చచ్చిపోయే పాత్రలు దొరికాయి. సినిమాలో ఏ ఆడమనిషి చావాల్సి వచ్చినా భువనను పిలిచేవాళ్ళు. నేను కాగితం మీద 'కేక' అని మాత్రం రాసి ఊరుకునేవాణ్ణి. కత్తికి ఏ కేకో, నీళ్ళకు ఏ కేకో, ఎత్తు నుంచి పడితే ఏ కేకో ఆమెకు తెలుసు. చెప్పడం అయ్యాక బయటికి వచ్చి, ఒక లవంగం బుగ్గన పెట్టుకుని, సిటీ బస్సెక్కి ఇంటికి వచ్చి చపాతీ పిండి కలిపేది.

ఇంట్లో గొంతు దాచుకునేది. తలూపడం, కళ్ళతో చెప్పడం, మరీ అవసరమైతే రెండు మాటలు. నవ్వినా చప్పుడుండదు, భుజాలు కదిలేవి అంతే. లక్ష్మయ్యకు ఇది విడ్డూరం. "మూర్తి సారూ, మీ బిడ్డ టీవీల గంటలకొద్ది మాట్లాడ్తది. మెట్ల మీద కలిస్తే నమస్తే సుత ముక్కుతోటే పెడ్తది. మాట మాటకు మీటరేమన్న తిరుగుతదా?" అనేవాడు. ఆ మాటకూ భువన భుజాలతోనే నవ్వేది. ఆదివారాలు మాత్రం చూపులేని ఆడపిల్లల హాస్టలుకు వెళ్ళి, వాళ్ళ పాఠ్యపుస్తకాలు క్యాసెట్లలోకి చదివి వచ్చేది. అక్కడ ఒక పిల్ల, నీ మొహం ఎలా ఉంటుందక్కా అని అడిగితే, నీకెలా అనిపిస్తే అలాగే అని చెప్పిందట.

హైటెక్ సిటీ వచ్చాక ఆమె గొంతుకు ఇంకో పని దొరికింది. మాదాపూర్‌లో ఒక కంపెనీకి ఫోన్ చేస్తే, "దయచేసి లైన్లో ఉండండి, మీతో ఇప్పుడే మాట్లాడతాం" అనేది భువనే. ఆ బుధవారం మధ్యాహ్నం మూడింటికి వాళ్ళకే కొత్తవి కొన్ని చెప్పాలి.

వెళ్ళలేదు. ఒంటిగంటకు డబ్బింగ్ థియేటర్లో పని ముగించుకుని బయటికి వచ్చింది. జూబ్లీ హిల్స్ ఎక్కే దారిలో నడిచి పోతుంటే రికార్డింగ్ చేసే ఓంప్రకాష్ చూశాడు. ఆ తర్వాత చూసినవాళ్ళు లేరు. చీకటి పడ్డాక నేను స్టేషనుకు వెళ్తే, ఈ కాలం పిల్లలు కదా, స్నేహితుల దగ్గర ఉండి ఉంటుంది, పొద్దున చూద్దాం అన్నారు. గురువారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా శారదా నేనూ స్టేషను బల్ల మీదే కూర్చున్నాం. మా ఇల్లు తాళం వేసి ఉంది.

శనివారం దొరికింది. జూబ్లీ హిల్స్‌లో సగం కట్టి ఆపిన ఒక పెద్ద ఇంట్లో, మోటారు వేయించడానికి మేస్త్రీ నేల కింది నీళ్ళ తొట్టి మూత తీయించాడు. నీళ్ళలో ఉండటం వల్ల ఏ పూట ప్రాణం పోయిందో గట్టిగా చెప్పలేమని డాక్టర్లు అన్నారు.

ఆదివారం పొద్దున దహనం చేశాం. సాయంత్రానికి ఆ ఇంటి వాచ్‌మన్ను పట్టుకున్నారు. నర్సింహ అతని పేరు, పాలమూరు వైపు మనిషి. ఆ ఇంటి ఆవరణలోనే రేకుల షెడ్డులో అతనూ భార్య బాలమణీ ఉండేవాళ్ళు.

మొహానికి నల్లగుడ్డ కప్పి అతన్ని జీపులోంచి దించుతుంటే స్టేషను ముందు రెండు వేల మంది ఉన్నారు. డబ్బింగ్ వాళ్ళు, జూనియర్ ఆర్టిస్టులు, హాస్టళ్ళ పిల్లలు, మెడలో కంపెనీ కార్డులతో మాదాపూర్ నుంచి వచ్చిన కుర్రవాళ్ళు. వాణ్ణి మాకప్పగించండి అని అరిచారు. జీపు లోపలికి పోయాక ఎవరో టపాకాయలు కాల్చారు. నాకు ముక్కూ మొహం తెలియని ఒకాయన వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. మైకు పట్టుకున్న అమ్మాయి, ఇప్పుడు మీకెలా అనిపిస్తోంది సర్ అని అడిగింది. సంతోషంగా ఉంది అన్నాను. నిజంగా సంతోషంగానే ఉంది.

ఆ రాత్రి నుంచి ఛానళ్ళలో భువన గొంతు మొదలైంది. ఆమె ఫొటోలు మా దగ్గర నాలుగో ఐదో ఉన్నాయి. గొంతు మాత్రం కావలసినంత ఉంది. నర్సింహ గుడ్డ కప్పుకున్న బొమ్మ వేసి, దాని కింద ఏదో సినిమాలోంచి ఆమె కేక వేసేవాళ్ళు. అది నీళ్ళ కేక. నాకు తెలుస్తుంది. మాదాపూర్ కంపెనీ నంబరు ఎలా పొక్కిందో తెలియదు గానీ, జనం అక్కడికి ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టారు. "దయచేసి లైన్లో ఉండండి" అని చనిపోయిన పిల్ల అంటుంటే వినడానికి. లైన్లో ఎవరైనా మనిషి పలకగానే పెట్టేసేవారట. మూడోనాటికి కంపెనీ వాళ్ళు దాన్ని తీసేసి వేరే గొంతు పెట్టారు. జూబ్లీ హిల్స్‌లో చాలా ఇళ్ళవాళ్ళు ఆ వారంలో వాచ్‌మన్లను మార్చేశారు. మూటలు నెత్తిన పెట్టుకుని వాలు దిగిపోతున్న మొగుడూ పెళ్ళాలను నేనే చూశాను.

సీరియలు ఆగలేదు. మూడు వారాలకు సరిపడా భువన ముందే చెప్పి పెట్టింది. మధ్యాహ్నం రెండున్నరకు వాడకట్టులో ప్రతి ఇంట్లోనూ అదే పెట్టేవాళ్ళు. ఇంతకుముందు చూడనివాళ్ళు కూడా చూశారు. నేను ఒకసారి పాల పాకెట్టు కోసం బయటికి వెళ్ళి, వీధి మధ్యలో ఇరుక్కుపోయాను. రెండు వైపులా కిటికీల్లోంచి భువన మాట్లాడుతోంది. ఒక కిటికీ దగ్గర మొదలైన వాక్యం రెండో కిటికీ దాటేసరికి పూర్తయ్యేది. నేను ఎంత తొందరగా నడిచినా వాక్యం మధ్యలో తెగలేదు.

కానీ అది తర్వాత. సోమవారం పొద్దున పేపరు వచ్చింది.

సగం కట్టిన ఇంటికి పక్క బంగళాలో పుష్పవల్లి అనే ఆవిడ వంట చేస్తుంది. భీమవరం మనిషి. ఆదివారం రాత్రి టీవీలో భువన గొంతు విని, అప్పటికప్పుడు ఆమె స్టేషనుకు వెళ్ళింది. గురువారం మధ్యాహ్నం, అన్నం గిన్నెలు తోముకుంటుండగా, గోడ అవతల వాచ్‌మన్ షెడ్డులోంచి ఈ గొంతే విన్నానని చెప్పింది. మొగుడూ పెళ్ళాల గొడవనుకుని పట్టించుకోలేదట. "ఆ గొంతేనండీ. నూరేళ్ళ తర్వాత వినిపించినా గుర్తుపడతానండీ" అని టీవీలోనూ చెప్పింది. ఆవిడ మీద నాకు ఈనాటికీ కోపం లేదు. ఆవిడ విన్నది ఆ గొంతే.

విన్న మాటలు కూడా చెప్పింది. పేపర్లో పెద్దక్షరాల్లో వేశారు. "తలుపు తియ్యండి. చీకటి పడితే మా నాన్న వీధి చివరికొచ్చి నిలబడతారు. నేను వెళ్ళేదాకా కదలరు."

శారద ఆ ముక్క చదివి పేపరు గుండెకు హత్తుకుంది. భువనకు ఆలస్యమైన రోజున నేను వీధి మలుపులో నిలబడేవాణ్ణి. అందరికీ తెలుసు. లక్ష్మయ్య, "సారు డ్యూటీ ఎక్కిండు" అని నవ్వేవాడు.

"చివరిదాకా మిమ్మల్నే తలుచుకుందండీ" అంది శారద. కత్తెరతో ఆ ముక్క కత్తిరించి దేవుడి గూట్లో పెట్టింది. నాలుగు రోజుల తర్వాత ఆ పూటే ఇంత మజ్జిగ తాగింది.

నేను పక్క గదిలోకి వెళ్ళి బీరువా తీశాను. రాసిన ప్రతి కాగితానికీ కార్బన్ నకలు ఉంచుకోవడం నా అలవాటు. వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ సీరియల్లో కథానాయికను మరిది గదిలో పెట్టి గొళ్ళెం వేస్తాడు. హిందీలో ఆమె దేవుడి పేరు చెప్పి ఏదో పెద్ద శాపం పెడుతుంది. ఆ పెదవులకు పట్టే శాపం నాకు తట్టలేదు. ఒక సాయంత్రం మలుపులో భువన కోసం నిలబడి ఉండగా తట్టిన మాటలే రాసేశాను. పదిహేడో లూప్. తలుపు తియ్యండి. చీకటి పడితే మా నాన్న. ప్రసారం గురువారం, రెండున్నరకు.

నర్సింహ, బాలమణి మంగళవారం సాయంత్రం ఊరికి వెళ్ళారు. అతని అన్న పోయాడు. గురువారం పొద్దున తిరిగి వచ్చారు. బుధవారం అతను పాడె మోస్తుండగా చూసినవాళ్ళు ఊరి నిండా ఉన్నారు. పోలీసులూ అది కాదనలేదు. బుధవారం పిల్ల ఎక్కడుందో తర్వాత తేలుస్తాం, గురువారం మధ్యాహ్నం వీడి షెడ్డులో బతికి ఉంది, అది చాలు అన్నారు. ఆ గొంతు లేకపోతే నర్సింహ మీద ఏమీ లేదు.

షెడ్డులో ఒక చిన్న టీవీ ఉంది. పేపర్లో వేసిన షెడ్డు ఫొటోలో, రేకుల మీద కర్రకు కట్టిన యాంటెన్నా కనిపిస్తోంది.

ఆ సీరియలు లక్షల మంది చూస్తారు. గురువారం ఆ మాటలు లక్షల మంది విన్నారు. సోమవారం పేపర్లో అవే మాటలు చదివి, ఇది నిన్నగాక మొన్న విన్నామే అని ఒక్కరూ అనుకోలేదు. రోజూ ఎవరో ఒకరు తలుపు తియ్యమంటూనే ఉంటారు కదా. నేను రాసే మాటలు అలాంటివే.

ఎవరికీ చెప్పలేదు. చెబితే నర్సింహ బయటికి వస్తాడు. చెబితే భువన బుధవారమే చచ్చిపోయి ఉంటుంది. నేను అన్నం తిని కునుకు తీసిన వేళకే. శారద గూట్లో పెట్టుకున్నది కూతురి మాట కాకుండా పోతుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం నాకు చేతకాలేదు. కర్మ పూర్తయ్యాక చెబుదాం అనుకున్నాను. కాగితం మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాను.

మంగళవారం సాయంత్రం జనం వెళ్ళి ఆ షెడ్డు పీకేశారు. రేకులు రోడ్డు మీద వేసి తొక్కారు. బాలమణి ఎటో పారిపోయిందన్నారు. లక్ష్మయ్య చూసి వచ్చి మెట్ల మీద కూర్చుని చెప్పాడు. "టీవీ గూడ పగలగొట్టిండ్రు సారూ. గదేం జేసింది పాపం" అన్నాడు. నేను లోపలికి వచ్చేశాను.

మా ఇంటికి వచ్చేవాళ్ళు తగ్గలేదు. ఎక్కడెక్కడి నుంచో ఆడవాళ్ళు వచ్చి, మెట్ల మీద, అరుగు మీద కూర్చుని ఏడ్చి వెళ్ళేవాళ్ళు. వచ్చిన ప్రతి ఒక్కరికీ శారద ఆ మాటలు చెప్పేది. చెప్పేకొద్దీ ఆమెకు బలం వచ్చేది. వారం రోజులకు ఆ మాటలను ఎలా పలకాలో కూడా ఆమెకు పట్టుబడింది. "కదలరు" దగ్గర గొంతు దించేది. భువన ఆ లూపులో సరిగ్గా అక్కడే దించింది.

తొమ్మిదో రోజున ఓంప్రకాష్ వచ్చాడు. హైదరాబాద్ పిల్లవాడు, పదేళ్ళుగా భువన గొంతు రికార్డు చేసిన మనిషి. ఆమె చెప్పినవి అయిపోవస్తున్నాయి, కొత్త గొంతు పెడుతున్నాం, మీకు ముందే చెబుదామని వచ్చాను అన్నాడు. టీ తాగాడు. కప్పు కింద పెట్టాక కూడా లేవలేదు.

"సార్, పదిహేడో లూప్ మీకు యాదికుందా?" అన్నాడు.

నేను చొక్కా లోపలి జేబు తడుముకున్నాను.

"నాకైతే సోమవారమే సమజయ్యింది. మీరే చెప్తరేమో అని చూస్తున్న. తండ్రి మీరు. ముందుగాల నేను నోరు తెరిస్తే మంచిగుండదని..." అని ఆగాడు. "ఆ వాచ్‌మన్ను జర గట్టిగనే కొడ్తున్నరంట సార్."

ఆ లూప్ ఉన్న క్యాసెట్టు బల్ల మీద పెట్టి అతను వెళ్ళిపోయాక వంటింట్లోకి వెళ్ళాను. శారద బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. జేబులోంచి కాగితం తీసి చాట పక్కన పెట్టాను. ఆమె చదివింది. రెండోసారి, పెదవులు కదుపుతూ చదివింది. తర్వాత కాగితం వెనక్కి తిప్పి, అక్కడ ఏమైనా ఉందేమోనని చూసింది.

"ఇది మీరు రాసిందా?"

"ఆఁ."

"అయితే అది చివరికి ఏమీ అనలేదన్నమాట" అంది.

మళ్ళీ చాట దగ్గరికి లాక్కుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. దేవుడి గూట్లోని పేపరు ముక్క ఆమె తియ్యలేదు, నేనూ తియ్యలేదు.

ఆ మధ్యాహ్నమే కార్బన్ నకలు, ఓంప్రకాష్ తెచ్చిన క్యాసెట్టు తీసుకుని స్టేషనుకు వెళ్ళాను. ఇన్‌స్పెక్టరు క్యాసెట్టు మూడుసార్లు విన్నాడు. పుష్పవల్లిని పిలిపించి వినిపించారు. ఆవిడ మొదటి మాటకే కొంగు నోట్లో కుక్కుకుంది. ఇన్‌స్పెక్టరు, వాచ్‌మన్ పెళ్ళాం కూడా మొదటి రోజు నుంచి ఇదే మొత్తుకుందండీ, అది టీవీ అని, మేమే నమ్మలేదు అన్నాడు. ఎవరైనా నమ్ముతారా అన్నట్టు నా వైపు చూశాడు.

నర్సింహను వదలడానికి ఇంకో ఆరు రోజులు పట్టింది. అతను బయటికి వచ్చినప్పుడు స్టేషను ముందు పది మంది కూడా లేరు. ఎడమ చెయ్యి భుజం దాటి లేవడం లేదు. నేను దూరంగా నిలబడి చూశాను, దగ్గరికి వెళ్ళలేదు.

జనానికి కోపం వచ్చింది, నా మీద. నా చేతులు కళ్ళకద్దుకున్న ఆయన రోడ్డు మీద కనిపించి మొహం తిప్పుకున్నాడు. ఛానల్లో ఒకరు, తండ్రి మానసికంగా దెబ్బతిన్నాడని అన్నారు. పాన్ డబ్బా దగ్గర ఒకడు నాకు వినపడేటట్టే, "కథలు రాసెటోడు గదా. గిదొక కథ" అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. నెల తిరిగేసరికి అందరూ మరిచిపోయారు. భువనను ఆ తొట్టి దాకా తీసుకెళ్ళింది ఎవరో ఈనాటికీ తెలియదు. ఆ ఇల్లు తర్వాత పూర్తి చేశారు. ఇప్పుడు అక్కడ ఏదో కంపెనీ ఆఫీసు ఉంది.

నర్సింహ వాళ్ళు బోరబండలో ఉంటున్నారని రెండేళ్ళ తర్వాత లక్ష్మయ్య చెప్పాడు. శారద చనిపోయి అప్పటికి మూడు నెలలు. ఒక్కణ్ణే వెళ్ళాను. రైలు స్టేషను మెట్ల పక్కన బాలమణి గోనెపట్టా మీద ఆకుకూరలు పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమెను పేపరు ఫొటోలో తప్ప చూడలేదు. ఆమె మాత్రం నన్ను చూడగానే గుర్తుపట్టి, పట్టా అంచు దులిపి కూర్చోమంది. మెట్టు మీద కూర్చున్నాను. నర్సింహ ఎలా ఉన్నాడని అడిగాను. చెయ్యి లేవదు గానీ గేటు దగ్గర కూర్చునే పని దొరికిందని చెప్పింది. అమ్మ మంచిగున్నదా అని అడిగింది. పోయిందని చెప్పాను. తోటకూర మీద నీళ్ళు చల్లింది.

"అమ్మను నేను చూసిన సారూ" అంది తర్వాత. "మీ ఇంటికొచ్చిన. ఠాణాల నా మాట ఎవ్వరు వినలే. టీవీ మాటలు రాసేది గా పిల్ల నాయినే అని ఎవరో చెప్తే, ఆయనకు తెలుస్తది గదా, ఆయన చెప్తే ఇంటరు అనుకుని వచ్చిన. పొద్దుగాల వచ్చి మెట్ల మీద కూసున్న. అమ్మ బయటికొచ్చి నాకు మంచినీళ్ళిచ్చింది. నేనెవరో ఆమెకు తెల్వది. నా పక్కన కూసోని, నా బిడ్డ గురువారం దాకా ఉన్నదమ్మా, నాయిన ఎదురుచూస్తడని చెప్పుకుంట పోయింది అన్నది. నా చెయ్యి పట్టుకున్నది. గా మాట వట్టిదని నేనెట్ల చెప్పాలె? నోరు రాలే. ఒక్క దినం ఆగి రేపొచ్చి సారుకే చెప్దమని లేచిన."

ఆ సాయంత్రమే షెడ్డు పీకారు. ఆమె బోరబండలో తన అన్న ఇంటికి పారిపోయింది. మళ్ళీ అటు రావడానికి భయపడింది.

నేను లోపలే ఉన్నానా ఆ రోజు అని అడిగాను.

"ఉన్నరు. పండుకున్నరని అమ్మ చెప్పింది. లేపొద్దన్నది" అంది. మూడు తోటకూర కట్టలు నా సంచిలో వేసింది. "మీకు అప్పటికి తెల్వది గదా సారూ. తెల్వనోళ్ళ మీద కోపమెందుకు?"

ఏ రోజు వచ్చావమ్మా అని అడిగాను. మంగళవారం అని చెప్పింది.